బియ్యం, చోళ్లు, ఉలవలు: దేన్ని నానబెట్టాలి, దేన్ని మొలకెత్తించాలి, దేన్ని పులియబెట్టాలి?

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగువాళ్ల ఇళ్లలో ఒకే వారంలో అరువా అన్నం, ఉసునా అన్నం, చోడి (రాగి) అంబలి, ఉలవచారు, ఇడ్లీ అన్నీ వస్తుంటాయి. ఈ మధ్య వీటన్నిటికీ కలిపి ఒకే సలహా ఫోన్లలో తిరుగుతోంది: ఏ గింజైనా ఎనిమిది గంటలు నానకపోతే అందులోని పోషకాలు ఒంటికి పట్టవని. మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు. కానీ పాలిష్ పట్టిన బియ్యానికి ఆ సలహా దండగ, చోళ్లకి అది సగం పనే, ఉలవలకి మాత్రం తప్పదు. అన్నిటినీ ఒకే గిన్నెలో పోసి చెప్పడం వల్లే ఇంత గందరగోళం.

నా లెక్క ముందే చెప్పేస్తాను. నానబెట్టడం ఒక్కటే అయితే అది ఎక్కువగా గ్యాస్ ఖర్చు తగ్గించే పని. పోషకాల విషయంలో నిజమైన తేడా నానబెట్టిన తర్వాత చేసే పనిలో ఉంటుంది. అంటే మొలకెత్తించడం, పులియబెట్టడం, లేదా ఉప్పుడు బియ్యంలోలాగా ఆవిరి పట్టడం. వీటిలో ఏది ఎంచుకోవాలన్నది గింజను బట్టి, ఇంట్లో తినే మనిషిని బట్టి తేల్చుకోవాలి.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదటిది, ఐరన్, జింకు, కాల్షియం ఒంటికి ఎంత పడతాయన్నది. గింజ తన మొలక కోసం భాస్వరాన్ని ఫైటేట్ రూపంలో దాచుకుంటుంది. మన పేగుల్లోకి వచ్చాక అదే ఫైటేట్ ఈ ఖనిజాలను గట్టిగా పట్టుకుని రక్తంలోకి చేరనివ్వదు. దాన్ని విడగొట్టే ఫైటేజ్ అనే ఎంజైము కూడా గింజలోనే ఉంటుంది గానీ, తడి తగిలితేనే పని మొదలుపెడుతుంది. 45 నుంచి 55 డిగ్రీల వేడి, కాస్త పులుపు ఉంటే చురుగ్గా పనిచేస్తుంది, ఉడికితే చచ్చిపోతుంది. గోధుమలో ఈ ఎంజైము బాగా ఉంటుంది. బియ్యం, మొక్కజొన్న, జొన్నల్లో తక్కువ. కాబట్టి రాత్రంతా చల్లటి కుళాయి నీళ్లలో నానబెట్టినంత మాత్రాన వీటిలో ఫైటేట్ పెద్దగా తగ్గదు.

రెండోది, పారబోసే నీళ్లు. ఆ నీళ్లతో చెడ్డవే పోతాయనుకుంటాం. కొంత ఫైటేట్, టానిన్లు (ఐరన్‌కి అడ్డుపడే వగరు పదార్థాలు), కడుపులో గ్యాస్ తెప్పించే చక్కెరలు పోయే మాట నిజమే. వాటితోపాటే బి విటమిన్లు, పొటాషియం, కొద్దిగా ఐరన్, జింకు కూడా పోతాయి. నీళ్లు వంపాలా, ఉంచాలా అన్నదే చాలాసార్లు అసలు నిర్ణయం. ఎన్ని గంటలు నానబెట్టాలి అన్నది దాని తర్వాతి మాట.

మూడోది అరుగుదల. నాలుగోది శుభ్రత, శ్రమ, పొయ్యి ఖర్చు. బరంపురం తీరంలో మే నెల ఉక్కలో పిండి కొన్ని గంటల్లోనే పులిసి పొంగిపోతుంది. దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్‌లో డిసెంబరు చలికి అదే పిండి మర్నాటి దాకా కదలదు. ఫోన్లో చెప్పే గంటల లెక్క ఈ రెండు ఊళ్లకీ ఒకేలా ఎలా సరిపోతుంది?

ఇంత పట్టింపు ఎందుకంటే ఒక కారణం ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సుమారు 64 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ వయసు స్త్రీకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలని 2020లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క కట్టింది, మగవాళ్లకి 19. తిండిలో ఎక్కువ భాగం అన్నమే అయిన ఇంట్లో అంత ఐరన్ రావడమే కష్టం. వచ్చిన కొంచెమైనా ఒంటికి పట్టేలా చూసుకోవాలి కదా.

## ఒక్క చూపులో

| పద్ధతి | ఐరన్, జింకు పట్టడం | నీళ్లతో నష్టం | శ్రమ | దేనికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| కడిగి నేరుగా వండడం | మార్పు లేదు | ఎన్నిసార్లు కడిగితే అంత | లేదు | పాలిష్ బియ్యం, రేషన్ బియ్యం |
| నానబెట్టి నీళ్లు వంపడం | కొద్దిగా మెరుగు | ఉంది | తక్కువ | ఉలవలు, శనగలు, రాజ్మా |
| నానబెట్టి మొలకెత్తించడం | బాగా మెరుగు | కొంత | ఎక్కువ, రెండు మూడు రోజులు | చోళ్లు, పెసలు, ఉలవలు |
| పిండి కలిపి పులియబెట్టడం | బాగా మెరుగు | దాదాపు లేదు | మధ్యస్తం | చోడి అంబలి, ఇడ్లీ, అట్లు |
| అన్నంలో నీళ్లు పోసి పులియబెట్టడం | చెప్పుకోదగ్గ తేడా లేదు | లేదు, నీళ్లూ తాగుతాం | తక్కువ | వేసవి పొద్దుటి తిండి |
| ఉప్పుడు బియ్యం కొనడం | పెద్ద తేడా లేదు, బి విటమిన్లు మాత్రం మిగులుతాయి | మిల్లులోనే ముగిసిపోతుంది | లేదు | రోజూ అన్నం |

## బియ్యం: అరువా, ఉసునా, దంపుడు

పాలిష్ పట్టిన అరువా బియ్యంలో, అంటే మన పచ్చి బియ్యంలో, ఫైటేట్ పెద్దగా ఉండదు. అది ఉండే తవుడు పొరను మిల్లు ముందే గీకేసింది. దాంతోపాటే థయమిన్ అనే బి1 విటమిను కూడా చాలావరకు పోయింది. ఇక ఎనిమిది గంటలు నానబెట్టి విడగొట్టడానికి ఏముంది? ఇరవై నిమిషాలో అరగంటో నానితే అన్నం త్వరగా, సమంగా ఉడుకుతుంది. అంతవరకే లాభం. నాలుగైదుసార్లు రుద్ది కడిగితే, ఆపైన గంజి వార్చి పారబోస్తే, మిగిలిన కాస్త విటమిన్లూ తూములోకే. రెండుసార్లు కడిగి అత్తెసరు పెట్టుకోండి. గంజి వార్చే అలవాటు మానలేకపోతే ఆ గంజిలో ఉప్పేసి తాగేయండి, లేదా పప్పులో కలపండి.

రేషన్ బియ్యానికి ఇది ఇంకా ముఖ్యం. బలవర్ధక బియ్యం పేరుతో ఇచ్చినదైతే అందులో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి చేసిన గింజలు దాదాపు వందకి ఒకటి చొప్పున ఉంటాయి. కడిగేటప్పుడు అవి తేలితే ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అవి బియ్యప్పిండితో చేసినవే. వాటిని పారేస్తే ఆ బియ్యంలో కలిపిన మందునే పారేసినట్టు.

ఉసునా, అంటే ఉప్పుడు బియ్యం, కథ వేరు. ఇక్కడ నానబెట్టే పని వడ్ల దశలోనే అయిపోతుంది. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి ఆ తర్వాత మర పడతారు. నానినప్పుడు, ఆవిరిలో ఉన్నప్పుడు పై పొరల్లోని బి విటమిన్లు గింజ లోపలికి దిగుతాయి. తర్వాత పాలిష్ పట్టినా అవి చాలావరకు లోపలే ఉంటాయి. నానబెట్టడం వల్ల పోషకాలు మిగలడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడదు.

దీనికి మన ప్రాంతం చరిత్రే సాక్ష్యం. గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ రోజుల్లో ఉత్తర సర్కారుల తీరం పొడవునా బెరిబెరి జబ్బు ఉండేది. థయమిన్ లోపంతో కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె దాకా పాకే జబ్బు అది. కూనూరులోని పోషకాహార పరిశోధనశాల దాని మీద పనిచేసింది. పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినేచోట జబ్బు, ఉప్పుడు బియ్యం తినేచోట అది అరుదు అన్నది ఆ కాలం పరిశోధనల్లో తేలిన మాట. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకి మారి తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఉసునా అన్నం వాసన గిట్టదని మొహం తిప్పుకునే మన తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. వారంలో మూడు రోజులైనా దాన్ని పెట్టుకుంటే నష్టమేమీ లేదు. ఇడ్లీకైతే ఎలాగూ అదే బాగుంటుంది.

దంపుడు బియ్యానికి తవుడు ఉంటుంది కాబట్టి నాలుగైదు గంటలు నానితే మంచిది. ఫైటేట్ తగ్గేది కొద్దిగానే, మెత్తగా మాత్రం ఉడుకుతుంది. నానిన నీళ్లతోనే వండుకోండి.

## చోళ్లు: ఇక్కడే అసలు తేడా కనిపిస్తుంది

వంద గ్రాముల చోళ్లలో కాల్షియం 350 మిల్లీగ్రాములకు అటూఇటూగా ఉంటుంది. బియ్యంలో దాదాపు పది. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల పథకం పెట్టి, తర్వాత శ్రీ అన్న అభియాన్ అని పేరు మార్చి మండియాను, అంటే చోళ్లను, కొంటూ వస్తోంది. కాబట్టి కొండల నుంచి సంతకొచ్చే చోళ్లకి ఇప్పుడు గిరాకీ, గౌరవం రెండూ పెరిగాయి. అయితే ఆ ఎర్రటి పొట్టులోనే టానిన్లు, ఫైటేట్ రెండూ ఉన్నాయి. సంచి మీద రాసిన కాల్షియం అంతా ఎముకలకు చేరదు.

గింజల్ని ఉత్తినే నానబెట్టి, ఆరబెట్టి మర పట్టించడం చాలామంది చేసే పని. దీంతో దుమ్ము, మట్టి పోతాయి, టానిన్లు కొంత దిగుతాయి. అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు.

మొలకెత్తించే పద్ధతి ఇలా: రాత్రి నానబోసి, పొద్దున్న నీళ్లు వంపి, మంచినీళ్లతో కడిగి, తడిగుడ్డలో మూట కట్టాలి. తీరం వైపు ఒక రోజుకే తెల్లటి మొలక వస్తుంది. కోరాపుట్ చలికాలంలో ఇంకో రోజు పడుతుంది. మూటను హాట్‌కేసులో పెట్టినా, పొయ్యి పక్కన దుప్పటి కప్పి ఉంచినా పని త్వరగా అవుతుంది. మొలక కనబడ్డాక ఎండబెట్టి, దోరగా వేయించి, చేత్తో నలిపి వేర్లు రాల్చేసి మర పట్టించాలి. ఫైటేట్, టానిన్లు ఈ దారిలో బాగా తగ్గుతాయి. ఇంకో లాభం కూడా ఉంది. మొలకలో తయారయ్యే అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని ముక్కలు చేస్తుంది, దాంతో జావ పలచబడుతుంది. మామూలు చోడిపిండి రెండు చెంచాలకే గరిట నిలబడేంత చిక్కబడుతుంది. మొలకల పిండి అంతకు ఎక్కువ వేసినా బిడ్డ మింగగలిగేంత జారుగా ఉంటుంది. చిన్న పొట్టలోకి ఎక్కువ శక్తి వెళ్తుంది.

పులియబెట్టడం దీనికన్నా సులువు. ఇది కొండ ఊళ్లలో ఎప్పటి నుంచో ఉంది. చోడిపిండిని రాత్రి నీళ్లలో కలిపి ఉంచి, పొద్దున్న నూకలతో కలిపి కాచే మండియా పేజ్, మన అంబలి ఈ దారివే. పిండి రూపంలో ఉన్నప్పుడు ఫైటేట్, ఎంజైము రెండూ ఒకదానికొకటి సులభంగా అందుతాయి. పులుపు ఎక్కేకొద్దీ ఎంజైముకి ఇష్టమైన వాతావరణం ఏర్పడుతుంది. అందుకే గింజను నానబెట్టడం కన్నా పిండిని నానబెట్టడం మేలు. మొక్కజొన్న పిండి మీద ఆఫ్రికాలో చేసిన పరిశోధనల్లో, పిండిని నానబెట్టి పైన తేరిన నీళ్లు వంపేస్తే ఫైటేట్ సగం దాకా తగ్గింది. గజపతి, రాయగడ కొండల్లో మొక్కజొన్న సంకటి తినేవాళ్లకి పనికొచ్చే కబురు ఇది.

రెంటిలో ఒకటి చెప్పమంటే, పెద్దవాళ్లకి పులిసిన అంబలి, పసిపిల్లలకి మొలకల పిండి అంటాను. చోళ్లను కాల్షియం కోసం తినండి, ఐరన్ కోసం వాటి మీదే ఆధారపడొద్దు. పైగా పాలు పోసి కాచిన రాగిమాల్ట్‌లో పాల కాల్షియం ఐరన్‌కి ఇంకాస్త అడ్డం వస్తుంది.

సామలు, కొర్రలు, ఊదల గురించి తక్కువ మాటల్లో: సంతలో దొరికే పొట్టు తీసినవాటికి గంట, రెండు గంటలు చాలు. ఎనిమిది గంటలు నానకపోతే విషమన్నట్టు మాట్లాడేవాళ్లని చూసి టెన్షన్ పడక్కర్లేదు. బూజు పట్టిన వాసన వచ్చే అరికెలు, చోళ్లు మాత్రం ఎంత నానబెట్టినా బాగుపడవు. బూజు విషాలు నీళ్లతో పోవు, పారేయాల్సిందే.

## ఉలవలు, పెసలు, శనగలు

ఇక్కడ నానబెట్టడం గురించి వాదన అక్కర్లేదు. ఉలవల్లో, శనగల్లో ఉండే రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు మన పేగులకి అరగవు. పెద్దపేగులోని బాక్టీరియా వాటిని తిని గ్యాస్ చేస్తుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మంచినీళ్లతో ఉడికిస్తే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. కాస్త విటమిన్ పోయినా ఇది మంచి బేరమే. ఉలవచారు కాచేవాళ్లు కూడా నానిన నీళ్లు వంపేసి, ఉడికిన నీళ్లు ఉంచుకోవచ్చు. రాజ్మాకైతే నానబెట్టిన తర్వాత గట్టిగా మరిగించడం తప్పదు. అందులోని లెక్టిన్లు అనే విషపు ప్రోటీన్లు నానితే పోవు, మరిగితేనే పోతాయి.

త్వరగా ఉడకాలని తినే సోడా వేసే అలవాటు ఉంటే మానండి. థయమిన్ సోడాకి తట్టుకోలేదు.

మొలకెత్తిస్తే పప్పుగింజల్లో సి విటమిన్ కొత్తగా తయారవుతుంది. అది ఐరన్ ఒంటికి పట్టడానికి సాయం చేస్తుంది. అయితే మొలకలు పెరిగే తడి వెచ్చదనం సాల్మొనెల్లా లాంటి క్రిములకూ ఇష్టమే. గర్భిణులు, చిన్నపిల్లలు, ముసలివాళ్లు వాటిని ఆవిరి మీద ఉడికించే తినాలి. సి విటమిన్ కొంత తగ్గినా ఫర్వాలేదు, పైన నిమ్మకాయ పిండుకోవచ్చు.

## తరవాణి, పఖాళ: పొగడ్త ఎక్కువైన చోట

చద్దన్నంలో, అంటే నీళ్లు పోసి పులియబెట్టిన తరవాణి అన్నంలో (ఒడియాలో పఖాళ), ఐరన్ 3.4 మిల్లీగ్రాముల నుంచి 73.91కి పెరుగుతుందన్న మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. గిన్నెలో బియ్యం, నీళ్లు తప్ప వేరే ఏమీ లేనప్పుడు ఐరన్ ఎక్కడి నుంచి పుడుతుంది? పులిస్తే ఉన్న ఐరన్ పట్టే తీరు మారొచ్చేమో గానీ, ఖనిజం పెరగదు. పాలిష్ బియ్యంలో అడ్డుపడే ఫైటేటే తక్కువ, ఉడికాక ఎంజైమూ బతికి ఉండదు. కాబట్టి రక్తం పట్టాలని తరవాణి తాగేవాళ్లు వేరే దారి చూసుకోవాలి.

అలాగని అది పనికిరానిదేమీ కాదు. ఎండాకాలం పొలం పనికి వెళ్లే మనిషికి ఉప్పు వేసిన తరవాణి నీళ్లు దాహం తీరుస్తాయి. లాక్టిక్ బాక్టీరియా పులుపు నోటికి, పొట్టకి హితంగా ఉంటుంది. చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం త్వరగా అరగని రకంగా మారుతుంది. నీళ్లతో సహా తాగుతాం కాబట్టి ఏదీ వృథా పోదు. పక్కన నంజుకునే కాల్చిన ఎండు చేప, అదే సుఖువా, ఇంకా పచ్చిమిరప, నిమ్మచెక్క ఐరన్ విషయంలో ఆ అన్నం కన్నా ఎక్కువ పనిచేస్తాయి. చేప, మాంసం పక్కన ఉంటే గింజల్లోని ఐరన్ కూడా బాగా పడుతుంది.

జాగ్రత్త ఒకటే. అన్నం వేడి తగ్గకుండా మూతపెట్టి గంటల తరబడి వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి పెరుగుతుంది, దాని విషం మళ్లీ వేడి చేసినా పోదు. అన్నం త్వరగా చల్లార్చి, తాగే నీళ్లే పోసి, నిన్నటి పులిసిన నీళ్లు కాసిని కలపండి. పులుపు త్వరగా ఎక్కితే చెడ్డ క్రిములకి చోటుండదు. జిగురుగా తీగలు సాగినా, పాడు వాసన వచ్చినా పశువుల కుడితిలోకి కూడా వద్దు.

## మీ ఇంట్లో ఎవరికి ఏది

రక్తం తక్కువ ఉన్న ఆడపిల్ల, గర్భిణి. మొలకెత్తించి ఉడికించిన పెసలో ఉలవలో, పైన నిమ్మరసం. వారంలో కొన్ని రోజులు ఎండు చేపో ఆకుకూరో. టీ తిండితోపాటు వద్దు, కనీసం గంట ఎడం ఉండాలి. టీలోని టానిన్లు ఐరన్ ఒంటికి పట్టకుండా అడ్డం పడతాయి. అంగన్‌వాడీలో ఇచ్చిన ఐరన్ మాత్ర మానేసి మొలకలు తింటే సరిపోదు. మొలకలు మాత్రకి తోడు మాత్రమే.

ఆరు నెలలు దాటిన బిడ్డ. మొలకల చోడిపిండి జావ, బాగా ఉడికించి. ఎప్పటికప్పుడు కాచిందే పెట్టాలి.

సుగరున్నవాళ్లు. ఇక్కడ సలహా తిరగబడుతుంది. మొలకెత్తినప్పుడు పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది, పలచటి జావ త్వరగా అరిగిపోతుంది. ఆరోగ్యమని గ్లాసులకొద్దీ రాగిమాల్ట్ తాగేవాళ్లు ఒకసారి తాగిన రెండు గంటలకి సుగర్ చూసుకోండి. వీళ్లకి చోడిరొట్టె, గింజ గింజగా వండిన సామల అన్నం, పప్పు నయం. ఉసునా అన్నం కూడా కొలత చూసుకునే తినాలి.

గ్యాస్‌తో బాధపడే పెద్దవాళ్లు. పప్పుగింజలు నానబెట్టి నీళ్లు వంపడం, పులిసిన ఇడ్లీ. ఎసిడిటీ ఉంటే పులుపు మరీ ఎక్కనివ్వకుండా ముందే వాడేయాలి.

అన్ని రకాలూ తినే ఆరోగ్యవంతులు. పాలు, గుడ్డు, చేప, కూరగాయలు రోజూ ఉన్నవాళ్లకి ఫైటేట్ పెద్ద సమస్య కాదు. దానికి కొన్ని మంచి గుణాలు కూడా ఉన్నాయని పోషకాహార నిపుణులు చెబుతారు. మీకు వీలైనప్పుడు నానబెట్టుకోండి, లేనిరోజు నేరుగా వండుకోండి.

పొద్దున్నే ఆఫీసుకో బడికో పరుగెత్తేవాళ్లు. మొలకల పిండి నెలకోసారి ఎండ బాగున్న రోజుల్లో చేసి డబ్బాలో పెట్టుకుంటే చాలు. రోజూ చేయగలిగిన పని ఒక్కటే కావాలంటే రాత్రి పడుకునే ముందు గ్లాసు చోడిపిండిని నీళ్లలో కలిపి మూత పెట్టండి. దానికి నిన్నటి అంబలి రెండు చెంచాలు తోడు వేస్తే చలికాలంలో కూడా పొద్దుటికి పులుస్తుంది. నానిన పిండి కాబట్టి కుక్కర్ అక్కర్లేదు, పావుగంటలో ఉడుకుతుంది.